పెబ్బేరు సంత, హైఫాంగ్ రేవు

బీఫ్ గురించి తెలుగులో చదవాలనుకుంటే ప్రధానంగా రెండు రకాల రాతలు దొరుకుతాయి. తినే హక్కు గురించి, తినేవాళ్ల ఆత్మగౌరవం గురించి రాసినవి ఒక రకం. తినకూడదని రాసినవి రెండో రకం. మొదటి రకంలో మంచి కవిత్వం వచ్చింది, కొన్ని మంచి కథలూ వచ్చాయి. రెండో రకంలో సాహిత్యమనదగ్గది నాకు కనపడలేదు, నా చదువు తక్కువై ఉండొచ్చు. ఈ రెండిట్లోనూ ఎక్కడా కనిపించని మనిషి ఒకడున్నాడు. టోకు వ్యాపారి. వీధి చివర దుకాణంలో కిలో లెక్కన కొట్టిచ్చే ఆయన సంగతి కాదు నేనంటున్నది. ఒక్కో దఫా 28 టన్నులు అమ్మేవాడు, ఆ 28 టన్నులూ కొనేవాడు. ఒకరు ముంబయిలో ఉంటే ఇంకొకరు హైఫాంగ్‌లోనో, జకార్తాలోనో, కైరోలోనో ఉంటారు. ఏళ్ల తరబడి వ్యాపారం చేసి కూడా ఒకరి మొహం ఒకరు చూసుకోకపోవచ్చు. మన వాదనలన్నీ పళ్లెం చుట్టూ తిరుగుతుంటే వీళ్లు మాత్రం చల్లగా, మైనస్ 18 డిగ్రీల దగ్గర, తమ పని తాము చేసుకుంటూ ఉంటారు.

నాకు వీళ్లు కాగితాల్లో పరిచయం. నేను బ్యాంకుల కోసం సాఫ్ట్‌వేర్ రాస్తాను. అందులోనూ ట్రేడ్ ఫైనాన్స్ అనే మూల. ఎగుమతిదారుకి డబ్బు ముందు రావాలి, దిగుమతిదారుకి సరుకు ముందు రావాలి, ఇద్దరికీ నమ్మకం లేదు. అప్పుడు మధ్యలో బ్యాంకు దూరి "ఫలానా కాగితాలు తెస్తే డబ్బు నేనిస్తా" అని ఒక ఉత్తరం రాసిస్తుంది. దాన్నే లెటర్ ఆఫ్ క్రెడిట్ అంటారు, మా భాషలో ఎల్‌సీ. ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకి అది స్విఫ్ట్ సందేశంగా వెళ్తుంది. ఆ సందేశం పేరు ఎంటీ 700. అందులో 32బీ అంటే మొత్తం ఎంత, 44ఈ అంటే ఏ రేవులో ఎక్కించాలి, 44ఎఫ్ అంటే ఏ రేవులో దించాలి, 46ఏ అంటే ఏయే కాగితాలు కావాలి. 45ఏ అంటే సరుకు వివరం. వరసకు 65 అక్షరాలు మించకూడదు.

పేర్లన్నీ చెరిపేసి బ్యాంకువాళ్లిచ్చిన పాత సందేశాలతో మేము ప్రోగ్రాముని పరీక్షిస్తుండగా, ఒకరోజు ఆ 45ఏలో "ఫ్రోజెన్ బోన్‌లెస్ బఫెలో మీట్, ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా, 1400 కార్టన్స్, 20 కేజీ ఈచ్" అని కనిపించింది. పక్క సీట్లో ఉన్న మిత్రుడు "ఇది మన దగ్గర్నుంచేనా?" అన్నాడు. మన దగ్గర్నుంచే. దానికి ముందు వచ్చిన సందేశం వస్త్రాల గురించి, తర్వాతది ఇనుప తీగ గురించి. వాటి మధ్య ఇది ఏ ప్రత్యేకతా లేకుండా కూర్చుని ఉంది.

అప్పటి నుంచీ దీని వెంట పడ్డాను. ఎందుకు పడ్డానో తర్వాత చెప్తాను.

ముందు పేరు సంగతి. ప్రపంచంలో కస్టమ్స్ వాళ్లంతా సరుకులకి పేర్లకు బదులు అంకెలు వాడతారు. 0201 అంటే చల్లబరిచిన పశుమాంసం, 0202 అంటే గడ్డకట్టించినది. 0202 30 అంటే గడ్డకట్టించి, ఎముక తీసేసినది. ఈ ఆరంకెల దాకా ఆవుకీ, ఎద్దుకీ, గేదెకీ తేడా లేదు. అందరూ ఒకటే జాతి కింద లెక్క. అందుకే అమెరికా వ్యవసాయ శాఖ లెక్కల్లో మన గేదె మాంసం కూడా బీఫే. ఆ లెక్క ప్రకారం ఒకటి రెండేళ్లు భారతదేశం ప్రపంచంలోనే బీఫ్ ఎగుమతుల్లో మొదటి స్థానం కోసం బ్రెజిల్‌తో పోటీ పడింది. ఆ వార్త ఇక్కడికొచ్చేసరికి "బీఫ్‌లో భారత్ నంబర్ వన్" అని శీర్షికైంది. దాని మీద ఎంత గొడవ జరిగిందో గుర్తుండే ఉంటుంది. మన ఎగుమతి విధానంలో ఆవు, ఎద్దు, దూడ మాంసం నిషేధం. గేదె మాంసమైనా ఎముకతో ఉంటే నిషేధమే. ఎముకలేని గేదె మాంసం ఒక్కటే పంపొచ్చు, అదీ అపెడాలో నమోదైన కబేళాల నుంచే. ఇంగ్లీషులో వ్యాపారులు దీనికి కారాబీఫ్ అని ఒక పేరు పెట్టుకున్నారు. మా పాలమూరులో పెద్దకూర అంటారు. ఆ మాటలో ఏ జంతువో చెప్పని జాగ్రత్త ఉంది. ఇంత జాగ్రత్త కస్టమ్స్ కోడులోనూ ఉందని తెలిసినప్పుడు నాకు కొంచెం నవ్వొచ్చింది.

ఎముక ఎందుకు తీసేయాలి? ఇది మతం గొడవ కాదు, గాలికుంటు గొడవ. గాలికుంటు వ్యాధి మన దేశంలో ఎప్పుడూ ఏదో మూల ఉంటూనే ఉంటుంది. అది లేని దేశాలు, ఉన్న దేశాల నుంచి మాంసం రానివ్వవు. అయితే ఆ వైరస్‌కి పులుపు పడదు. పశువుని కోశాక మాంసాన్ని 24 గంటలు రెండు డిగ్రీల పైన ఉంచితే కండరంలో ఆమ్లం పెరిగి పీహెచ్ ఆరు కంటే కిందికి దిగుతుంది, వైరస్ చచ్చిపోతుంది. కానీ ఎముక మూలుగలో, లింఫు గ్రంథుల్లో ఆ పులుపు పుట్టదు. అందుకని ఎముకలూ గ్రంథులూ తీసేసి, పీహెచ్ కొలిచి, అప్పుడు గడ్డకట్టిస్తారు. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ నియమావళి ఒప్పుకున్న పద్ధతి ఇది. మన ఎగుమతి వ్యాపారమంతా ఈ చిన్న రసాయనశాస్త్రం మీద నిలబడి ఉంది. ఇంజనీరింగులో ఒక సమస్యకి ఇంత చక్కటి పక్కదారి దొరికితే మేము పార్టీ చేసుకుంటాం.

ఇక వ్యాపారం అసలు కిటుకు. బియ్యమైతే వంద టన్నులు కావాలంటే వంద టన్నులు కొంటాం. పశువుని అలా కొనలేం. దానికి రెండు ఫిల్లెట్లే ఉంటాయి. ఎవరో దుబాయి హోటలువాడు ఫిల్లెట్లే కావాలంటే, మిగిలిన తొడ, భుజం, మెడ, పిక్క, డొక్క ఎవడు కొంటాడు? ప్రతి ముక్కకీ ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఇష్టపడే వాడుంటాడు, వాణ్ని వెతికి పట్టుకోవడమే ఎగుమతిదారు పని. మన గేదె మాంసంలో ముక్కలకి అంకెలే పేర్లు. 41 అంటే తొడ లోపలి కండ. హనోయిలో దుకాణదారు కూడా 41 అనే అడుగుతాడు. పిక్క కండ ఒక దేశానికి, చిన్న తునకలు ఫిలిప్పీన్స్‌లో కార్న్డ్ బీఫ్ డబ్బాలు చేసేవాళ్లకి, తొడ మలేషియాకి. ఒకే బర్రె నాలుగు దేశాలకు పోతుంది.

అమెరికా సంగతి ఇంకా తమాషా. వాళ్ల పశువులు మొక్కజొన్న తిని కొవ్వెక్కి ఉంటాయి. స్టేకులు తీసేశాక మిగిలిన తునకల్లో సగం కొవ్వే. అంత కొవ్వుతో హాంబర్గర్ అమ్మలేరు. అందుకని ఆస్ట్రేలియా నుంచీ, న్యూజిలాండ్ నుంచీ గడ్డి మేసిన పశువుల కొవ్వులేని తునకలు తెప్పించుకుని అందులో కలుపుతారు. ప్రపంచంలో బాగా పెద్ద ఎగుమతిదారుల్లో ఒకటైన దేశం పెద్ద దిగుమతిదారు కూడా కావడానికి ఇదొక ముఖ్య కారణం. అదే అమెరికాలో ఎవరికీ పెద్దగా అక్కర్లేని కడుపు కింది పలచటి కండ జపాన్‌లో అన్నం మీద వేసుకునే గ్యూదోన్‌కి ప్రాణం. 2003 డిసెంబరులో అమెరికాలో ఒక ఆవుకి పిచ్చి ఆవు వ్యాధి బయటపడింది. జపాన్ వెంటనే దిగుమతులు ఆపేసింది. యోషినోయా అని పెద్ద గ్యూదోన్ హోటళ్ల వరస ఉంది, వాళ్లు 2004 ఫిబ్రవరిలో ఆ వంటకమే తీసేశారు. ఆస్ట్రేలియాలో మాంసం లేక కాదు. ఆ కొవ్వుతో, ఆ ధరకి, ఆ ఒక్క ముక్క అన్ని టన్నులు ఇంకెక్కడా దొరకలేదు. 2006లో మళ్లీ మొదలుపెట్టిన రోజు జనం వరసలు కట్టారు.

ఈ విషయం మీద నాకు కళ్లు తెరిపించిన పుస్తకం విలియం క్రోనన్ రాసిన నేచర్స్ మెట్రోపొలిస్, 1991లో వచ్చింది. షికాగో నగరం, దాని చుట్టూ ఉన్న పల్లెల చరిత్ర. మాంసం మీద ఒక అధ్యాయం ఉంది. గుస్తావస్ స్విఫ్ట్ అనే ఆయన పశువుల్ని రైల్లో తూర్పుకి పంపే బదులు షికాగోలోనే కోసి, మంచు పెట్టిన పెట్టెల్లో మాంసం పంపుదామన్నాడు. పశువు బరువులో సగానికి పైగా తినడానికి పనికిరానిదే కదా, దానికి రైలు చార్జీ ఎందుకు? రైలు కంపెనీలకి అది నచ్చలేదు. వాళ్ల ఆదాయం ఆ పనికిరాని సగం మీదే ఉంది. స్విఫ్ట్ సొంతంగా పెట్టెలు కట్టించుకుని గెలిచాడు. మాంసం మీద లాభం అంతంతమాత్రం, లాభమంతా తోలు, కొవ్వు, ఎముకలు, జిగురు నుంచే. అందరూ అప్టన్ సింక్లెయిర్ జంగిల్ గురించి చెప్తారు, 1906లో అది అమెరికా మాంస తనిఖీ చట్టానికి ఊతమైన మాట నిజమే. కానీ నన్నడిగితే ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో అర్థం కావాలంటే నవల కంటే క్రోనన్ చరిత్రే చదవాలి. సింక్లెయిర్‌కి కార్మికుడి మీద ప్రేముంది, లెక్కల మీద ఆసక్తి లేదు.

సముద్రం మీద మంచు సంగతి కూడా అప్పటిదే. 1876లో ఫ్రాన్స్‌లో రువాన్ నుంచి బయల్దేరిన ల ఫ్రిగోరిఫీక్ అనే ఓడ, యంత్రంతో చల్లబరిచిన మాంసాన్ని బ్యూనస్ ఎయిర్స్ చేర్చింది. అక్కడి నుంచి దారి తెరుచుకుంది. నూటయాభై ఏళ్లలో ఓడ పెద్దదైంది, పెట్టె ఉక్కుదైంది. సూత్రం మారలేదు.

మళ్లీ కాగితాల దగ్గరికి వస్తాను, నా కూడు అక్కడే ఉంది కాబట్టి. ఎల్‌సీల విషయంలో బ్యాంకులన్నీ పాటించే నియమావళి ఒకటుంది, యూసీపీ 600. 2007 నుంచి అమల్లో ఉంది. అందులో నాకు బాగా నచ్చిన, కొంచెం భయపెట్టిన సూత్రం: బ్యాంకులకు కాగితాలతోనే పని, సరుకుతో పని లేదు. పెట్టెలో మాంసముందా, ఇసుకుందా అనేది బ్యాంకుకి అనవసరం. ఇన్వాయిస్, ప్యాకింగ్ జాబితా, ఓడవాడిచ్చే బిల్ ఆఫ్ లేడింగ్, సర్కారు పశువైద్యుడి ఆరోగ్య పత్రం, హలాల్ పత్రం, దేశం పుట్టుక పత్రం, బీమా. ఇవన్నీ ఒకదానితో ఒకటి గొడవ పడకూడదు, అంతే. ఐదు పనిదినాల్లో చూసి అవునో కాదో చెప్పాలి. ఇన్వాయిస్‌లో సరుకు వివరం 45ఏలో ఉన్నదానికి సరిపోవాలి. అక్కడ బఫెలో అని ఉండి ఇన్వాయిస్‌లో బోవైన్ అని రాశారంటే తంటా.

ఇక్కడ సాహిత్య విమర్శకీ నా ఉద్యోగానికీ పెద్ద తేడా లేదనిపిస్తుంది. ఇద్దరం పాఠ్యాన్నే చూస్తాం, బయటి ప్రపంచంతో మాకు పని లేదంటాం. తేడా ఏమిటంటే, మా దగ్గర ఒక మాట తప్పు పోతే 90 వేల డాలర్లు ఆగిపోతాయి.

ఆగిపోవడం ఉత్తుత్తి మాట కాదు. పెట్టె ఓడెక్కాక నెల రోజుల్లో ధరలు పడిపోయాయనుకోండి. కొన్నవాడికి ఇప్పుడా సరుకు ఆ రేటుకి వద్దు. అప్పుడు కాగితాల్లో ఏదో ఒక పొరపాటు దొరికిందంటూ కొర్రీ పెడతాడు. ఈలోగా పెట్టె రేవులో కరెంటు ప్లగ్గుకి తగిలించి ఉంటుంది. రోజుకింత అని దాని అద్దె, కరెంటు బిల్లు ఎక్కుతూ ఉంటాయి. ఇనుప తీగైతే ఎండలో పడుంటుంది, మాంసం అలా ఉండదు. అమ్మినవాడు నాలుగు రోజులు చూసి, టన్నుకి రెండు మూడొందల డాలర్లు తగ్గించుకుని ఒప్పుకుంటాడు. ఈ తంతుని ఎన్నో ఫైళ్లలో చూశాను. తప్పొప్పులు పట్టేది నా ప్రోగ్రామే కాబట్టి, ఒక్కోసారి ఆ బేరంలో నేనెవరి పక్షమో నాకే అర్థం కాదు.

పైగా అసలు అమ్మేవాడికీ అసలు కొనేవాడికీ మధ్య దుబాయిలోనో, సింగపూర్‌లోనో, హాంకాంగ్‌లోనో ఒక వ్యాపారి ఉంటాడు. అతను సరుకు ముట్టుకోడు, చూడడు. కొనేవాడి ఎల్‌సీ చూపించి ఇంకో ఎల్‌సీ తీస్తాడు, ఎవరి పేరు ఎవరికీ తెలియకుండా బిల్ ఆఫ్ లేడింగ్ మార్పిస్తాడు. కానీ పెట్టె మీద కబేళా నంబరు అచ్చేసి ఉంటుంది, దాన్ని మార్చే వీల్లేదు. ఎందుకంటే దిగుమతి చేసుకునే దేశం ఫలానా దేశం నుంచి కొంటానని ఊరుకోదు. తన పశువైద్యుల్ని పంపించి ఒక్కో కబేళానీ చూసి, పాసైన నంబర్ల జాబితా పెట్టుకుంటుంది. ఈ వ్యాపారంలో అధికారమంతా ఆ జాబితాలో ఉంది. 2021 సెప్టెంబరులో బ్రెజిల్‌లో అరుదైన రకం పిచ్చి ఆవు కేసులు రెండు తేలితే, చైనాకి వెళ్లే సరుకు డిసెంబరు దాకా మూడు నెలలు పైన ఆగింది. 2023లో మళ్లీ అలాగే ఒక నెల. ఆ నెలల్లో సముద్రం మీదున్న పెట్టెల గురించి ఆలోచించండి.

జాబితాలో లేని వాళ్లేం చేస్తారు? ఇక్కడే హైఫాంగ్ వస్తుంది. చైనా మన గేదె మాంసాన్ని నేరుగా రానివ్వలేదు. 2013లో ఏదో అవగాహన పత్రం మీద సంతకాలైతే అయ్యాయి, పని మాత్రం జరగలేదు. కానీ 2014-15 మన ఎగుమతి లెక్కలు తీసి చూస్తే, విలువలో చాలా పెద్ద వాటా వియత్నాం కొన్నట్టు ఉంటుంది. తొమ్మిది కోట్ల జనాభా, పంది మాంసం ఎక్కువగా తినే దేశం, అంత గేదె మాంసం ఏం చేసుకుంటుంది? హైఫాంగ్ రేవులో దిగిన పెట్టె తాత్కాలిక దిగుమతి కింద నమోదై, ఉత్తరాన సరిహద్దు దాటి చైనాలోకి పోయేది. మన కాగితాల ప్రకారం అది వియత్నాంకి అమ్మిన సరుకు, డబ్బు బ్యాంకులో పడింది, అంతా సక్రమం. వియత్నాం కాగితాల ప్రకారం పునరెగుమతి, అదీ సక్రమమే. చైనా వైపు కాగితమే లేదు. 2018, 19 ప్రాంతంలో చైనా ఆ దారి మీద గట్టిగా పడేసరికి, ఆ ఖాళీని చాలావరకు దక్షిణ అమెరికా నింపింది. మనకి 2014-15లో 14.75 లక్షల టన్నులున్న ఎగుమతి 2022-23 నాటికి 11.75 లక్షల టన్నులైంది.

ఇండోనేసియాది ఇంకో కథ. అక్కడ చాలాకాలం ఆస్ట్రేలియా నుంచి బతికున్న పశువుల్ని ఓడల్లో తెచ్చుకుని, మేపి, కోసుకునేవాళ్లు. 2011లో అక్కడి కబేళాల్లో క్రూరత్వం మీద ఆస్ట్రేలియా టీవీలో కార్యక్రమం వస్తే, ఆ ప్రభుత్వం నెలరోజులు ఎగుమతే ఆపేసింది. ఒక్క దేశం మీద ఆధారపడితే ఏమవుతుందో జకార్తాకి అర్థమైంది. గాలికుంటు ఉన్న దేశం నుంచి కొనకూడదన్న నిబంధనని సడలించి, 2016లో బులోగ్ అనే ప్రభుత్వ సంస్థ ద్వారా మన గేదె మాంసం తెప్పించారు. కిలో 80,000 రుపియాకి దించాలని వాళ్ల అధ్యక్షుడి పట్టుదల. పండగ ముందు మాంసం ధర అక్కడ మన దగ్గర ఉల్లిపాయ ధర లాంటిది, ప్రభుత్వాలు వణుకుతాయి. మలేషియాలో 2020 డిసెంబరులో జొహోర్ గిడ్డంగి మీద దాడి చేస్తే, ఎక్కడెక్కడి మాంసానికో నకిలీ హలాల్ ముద్రలు కొట్టి అమ్ముతున్నారని బయటపడింది. అదీ కాగితమే. తినేవాడి నమ్మకం చివరికి ఒక రబ్బరు ముద్ర మీద ఉంది.

ఇప్పుడు, దీని వెంట ఎందుకు పడ్డానో చెప్తాను.

మాది పాత మహబూబ్‌నగర్ జిల్లా. మా అమ్మ ఇప్పటికీ బర్రెల్ని సాకుతుంది, పాలు డెయిరీకి పోస్తుంది. నా బీటెక్ ఫీజులో కొంత ఆ పాలదే. బర్రె ఆరేడు ఈతలు ఈనాక ఒట్టిపోతుంది. అప్పుడు దాన్ని పెబ్బేరు శనివారం సంతకి తోలుకుపోతారు. బేరగాడు వస్తాడు, తుండుగుడ్డ కింద చేతులు పెట్టి వేళ్లు పట్టుకుంటారు. పక్కవాడికి ధర తెలియదు. మావాళ్లు ఆ కూర తినరు. తినరు గానీ అమ్ముతారు. ఎవరికి అమ్ముతున్నాం, అది ఎక్కడికి పోతుందని చిన్నప్పుడు అడిగితే "వేరే ఊరికి" అనేవాళ్లు. ముంబయి హైవే మీద పటాన్‌చెరు దాటాక రుద్రారంలో ఎగుమతి కబేళా ఉందని, దాని మీద ఏళ్ల తరబడి కేసు నడిచి 2006లో సుప్రీంకోర్టు తీర్పు దాకా పోయిందని నేను పత్రికల్లో చదివినవాణ్ని. అయినా ఆ కేసునీ మా సుక్కబర్రెనీ కలిపి ఆలోచించలేదు. ఆ 45ఏ చూశాకే కలిపాను.

ఒక రాత్రి లెక్క వేశాను. 2014-15లో మన సరుకు సగటు ధర టన్నుకి 3,200 డాలర్ల పైన. ఒట్టిపోయిన బర్రె 350 కిలోలుంటే, ఎముక తీసేశాక సుమారు 115 కిలోల మాంసం వస్తుంది. అప్పటి డాలరు రేటు 61 రూపాయల లెక్కన 22, 23 వేలు. అంటే మాంసమంతా కలిపి. 2015 జనవరిలో మా అమ్మ ఒక బర్రెని 19 వేలకు అమ్మింది. లారీ, కూలీ, కరెంటు, ఓడ, అన్నీ పోను ఎగుమతిదారుకి ఆ మధ్యలో ఏం మిగులుతుంది? తోలు, పేగులు, ఎముకలు, కొవ్వు మిగులుతాయి. స్విఫ్ట్ షికాగోలో చేసిన లెక్కే. ఇంకో రకంగా చూస్తే, తుండుగుడ్డ కింద వేళ్లు చెప్పే ధర ఎక్కడో హైఫాంగ్‌లో మొదలై వెనక్కి నడుచుకుంటూ పెబ్బేరు దాకా వస్తోంది. సంతలో ఎవరికీ ఆ ఊరి పేరు తెలియదు. ఒక పెట్టెకి రెండు వందల నలభై బర్రెలు. మా ఊళ్లో మొత్తం కలిపినా అన్ని ఉండవు.

2017 మే నెలలో కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది, సంతల్లో పశువుల్ని కబేళాకి అమ్మకూడదని. అందులో బర్రెలు కూడా ఉన్నాయి. జూలైలో సుప్రీంకోర్టు స్టే కొనసాగించి దేశమంతటికీ వర్తింపజేసింది. కానీ ఆ మధ్యలో ఉన్న రెండు నెలలు మాకు ఎండాకాలం చివర. గడ్డి మోపు ధర మండిపోతున్న రోజులు. బేరగాళ్లు భయపడి రావడం మానేశారు. వచ్చిన ఒకరిద్దరు "దారిలో ఆపి కొడుతున్నరమ్మా, లారీ వస్తలేదు" అని 11 వేలు అడిగారు. అమ్మ ఇవ్వలేదు. పాలివ్వని బర్రెకి రోజూ గడ్డి, తవుడు, నీళ్లు. కొత్త బర్రె కొనాలంటే పాతది అమ్మిన డబ్బు దానికి కలపాలి, అది లేదు. మిగిలింది అప్పు. పాల డబ్బులు గడ్డికే పోయాయి. టీవీల్లో ఆ నెలంతా తినడం గురించే చర్చ జరిగింది, ఈ తవుడు గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. ఆగస్టులో 12 వేలకి ఇచ్చేసింది.

ఆ తోలుకుపోయే రోజు నేను ఊళ్లోనే ఉన్నాను. అప్పటికి నాకు మొత్తం దారి తెలుసు, ఏ కాగితం ఎక్కడ పుడుతుందో తెలుసు. "అమ్మా, ఇది యాడికి పోతదో నీకు ఎరుకేనా?" అన్నాను. నేను చెప్పబోతుంటే ఆపింది.

"ఎర్కలేకేంరా. అన్నీ ఎర్కనే. నోటితోటి అంటే అమ్మబుద్ధి గాదు. అమ్మకుంటె ఇంకోటి కొననీకె పైసలుండవు."

పలుపు మాత్రం బేరగాడికి ఇవ్వలేదు. పలుపు ఇస్తే కొట్టానికి కలిసిరాదని మా దగ్గర నమ్మకం. ఆయన కూడా అడగలేదు, తన తాడు తాను తెచ్చుకున్నాడు.

ఇదంతా చదివి నేను ఎగుమతుల పక్షమనో, వ్యతిరేకమనో ఎవరైనా అడిగితే నాకు సూటి జవాబు లేదు. 20వ పశుగణన, 2019, ప్రకారం దేశంలో దాదాపు 11 కోట్ల గేదెలున్నాయి. అవి పాలిచ్చినంత కాలం డెయిరీ లెక్కలో ఉంటాయి, ఆ తర్వాత 0202 30లో ఉంటాయి. పాలపొడి డబ్బా మీద ఆ రెండో అంకె ఉండదు. టీలో పాలు పోసుకునే మనమంతా ఆ రెండో లెక్కకి కొంత బాకీ అని నాకనిపిస్తుంది. మా అపార్టుమెంటులో ఈ మాట ఒకసారి అన్నాను, తర్వాత వారం రోజులు ఒకాయన లిఫ్టులో పలకరించలేదు.

అమ్మ ఇప్పుడు ఒక్క బర్రెనే పెట్టుకుంది. మోకాళ్లు సహకరించడం లేదు. బేరగాడు వాట్సాప్‌లో ఫోటో అడుగుతున్నాడు. మొన్న సంక్రాంతికి పోయినప్పుడు తనంతట తనే అడిగింది, మీ బ్యాంకుల ఆ కాయితాలు ఇంకా చూస్తున్నవా అని. చూస్తున్నానన్నాను. ఓడలో ఇరవై రోజులు పోతుందని, పెట్టెకి ఫ్రిజ్జులాగా మిషను ఉంటుందని చెప్పాను.

"మరి ఓడల కరెంటు పోతె?"

దానికీ ఒక కాగితం ఉందన్నాను. గడ్డకట్టిన మాంసానికి బీమా షరతులు వేరే ఉంటాయి, అందులో ఒక రకం ప్రకారం మిషను వరసగా 24 గంటలు ఆగిపోతేనే నష్టపరిహారం ఇస్తారు.

కాసేపు ఆలోచించింది.

"ఇరవైమూడు గంటలు పోతెనో?"